పై మాటు

నలభై నాలుగేళ్ళు, ప్రతి వసంతంలోనూ, నేను కొండ కింద నిలబడి ఎలుగుబంట్ల మీద అరిచాను. ఒక్కదాన్ని కూడా కాల్చలేదు. మా వేటలో పని రెండు రకాలు. కొందరు కింద నుంచి కేకలేస్తూ ఎలుగును పైకి తోలాలి. కొందరు పైన గట్టు మీద మాటు వేసి, వచ్చినదాన్ని కాల్చాలి. ఎవరెక్కడ ఉండాలన్నది బృందం పెద్ద చెబుతాడు. మా పెద్ద మా అన్నయ్య కనెమత్సు. అన్నయ్య నన్ను కింద పెట్టాడు, అక్కడే ఉంచేశాడు. నా తర్వాత తుపాకి పట్టినవాళ్ళు, గురి కుదరనివాళ్ళు, చివరికి పది గజాల దూరంలో పెళ్ళాన్ని పోల్చుకోలేని తపాలా గుమాస్తా కూడా పై మాటులో కూర్చున్నారు. నేను మాత్రం నడుంలోతు మంచులో "హో... రియా" అని గొంతు చించుకుంటూనే ఉన్నాను.

పై మాటు మొదట మా రెండో అన్నయ్య తొకుజిది. వాడి గురి గురించి ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముప్ఫై ఏడేళ్ళ కిందట, చలికాలం కూలికి దక్షిణాదికి వెళ్ళి, సొరంగం పనిలో రాళ్ళు మీదపడి పోయాడు. తెల్లగుడ్డ చుట్టిన చిన్న అస్థికల పెట్టె ఒకటి ఇంటికి వచ్చింది. ఆ పెట్టె ముందు కూర్చుని ఏడుస్తూనే, ఇక పై మాటు నాకే వస్తుందని అనుకున్నాను. సిగ్గులేని మాటే. కానీ అనుకున్నాను.

నేను చెప్పేది అన్నయ్యకు డెబ్భై నాలుగు, నాకు అరవై ఆరు నిండిన ఏటి సంగతి. పదహారు మందితో కళకళలాడిన బృందం అప్పటికి నలుగురికి దిగింది. అన్నయ్య, నేను, పెట్రోలు బంకు నడిపే బుంత, చెట్లు కొట్టే పని మానేసిన ఇసాము. రంపాల మోతకు ఇసాముకు ఒక చెవి పూర్తిగా పోయింది. కొండ సర్కారుది. ఏటా అటవీ ఆఫీసులో కాగితం పెట్టి, ముద్ర వేయించుకుని, మా తాతలు తిరిగిన అడవిలోకే మేము అనుమతి మీద వెళ్ళాలి. ఆ ఏడు కాగితం మీద అన్నయ్య తను పుట్టిన సంవత్సరం తప్పు రాశాడు. కౌంటరు దగ్గరి అమ్మాయి నవ్వి దిద్దింది. నేను గోడ మీది క్యాలెండరు చూస్తున్నట్టు నిలబడ్డాను.

మార్చి ఆఖరులో ఒకరోజు మధ్యాహ్నం కిను వదిన నన్ను పెరట్లోకి పిలిచింది. నా భార్య పోయాక నాకు రెండు పూటలా తిండి వాళ్ళింట్లోనే. చూరు మీది మంచు కరిగి కారుతోంది. ముల్లంగి ఊరబెట్టిన పీపా మీంచి బరువు రాయి దించుతూ, నా మొహం చూడకుండా వదిన మాట్లాడింది.

"సుయెజో, నిన్న మీ అన్నయ్య స్నానం చేసొచ్చి మళ్ళీ స్నానానికెళ్ళారు."

"పెద్దతనం వదినా. నేనూ కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతా."

"మాట దాటెయ్యకు. మొన్న తూటాలు బియ్యం డబ్బాలో పెట్టారు. బియ్యం కడుగుతుంటే నా చేతికి తగిలాయి."

నేను వెళ్ళి రాయికి చెయ్యి పట్టాను.

"ఈ ఏడు కొండకి వెళ్ళనివ్వకు," అంది వదిన. "నేను చెబితే వినరు. ఆడదానికి కొండ సంగతులెందుకంటారు. నువ్వు చెప్పు. బుంత, ఇసాము ఉన్నప్పుడు చెప్పు. ముగ్గురూ ఒక మాట మీదుంటే కాదనలేరు."

"ఈ ఒక్క ఏడే కదా వదినా. వచ్చే ఏడు లైసెన్సుకి ఎలాగూ జ్ఞాపకశక్తి పరీక్ష పెడతారు. అప్పుడు వాళ్ళే తీసేసుకుంటారు తుపాకి."

"నువ్వు చెప్తావా, చెప్పవా?"

"చెప్తా."

"మర్చిపోయాననవు కదా."

"చెప్తానన్నా కదా వదినా," అన్నాను కాస్త విసుగ్గానే. నిజంగానే చెప్పాలనుకున్నాను. ఆ మాట ఇప్పుడంటే ఎవరూ నమ్మరు.

ఏప్రిల్ మూడో వారంలో బృందం అన్నయ్య ఇంట్లో కూర్చుంది. ఏటా అంతే. ముందు కొండ దేవతకు సారా పోస్తాం, తర్వాత మేము పోసుకుంటాం. అన్నయ్య ఎండబెట్టిన వికారపు చేప ఒకటి గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మా దేవత అందగత్తె కాదు, తనకంటే అనాకారి కనిపిస్తే మురిసిపోయి ఎలుగును వదులుతుందని మా వాళ్ళ నమ్మకం. "చేప దేనికి పెద్దాయనా, ఇసామును చూపిస్తే సరిపోద్ది," అన్నాడు బుంత. ఇసాము చెవి పోయిన వైపు కూర్చుని అన్నాడు కాబట్టి గొడవ కాలేదు.

నేను గొంతు సవరించుకున్నాను. మాటలు ముందే కూర్చి పెట్టుకున్నాను. అన్నయ్యా, ఈ ఏడు మంచు బాగాలేదు, నలుగురం ఏ మూలకి, మానేద్దాం అని మొదలుపెట్టి మెల్లగా అసలు సంగతికి రావాలని. ఈలోగా అన్నయ్య చాప మీద అగ్గిపుల్లలు పేర్చాడు. పొడుగు వరస గట్టు, అడ్డంగా రెండు పుల్లలు లోయ. ఆ పేర్చడంలో ఎక్కడా తడుముకోలేదు. ఎడమ వైపు పుల్ల దగ్గర ఇసాము అరవాలి. పక్క మాటు బుంతది. అప్పుడు తలెత్తి నా మొహంలోకి చూశాడు.

"నువ్వు పై మాటుకెళ్ళు," అన్నాడు.

బుంత తాగబోతున్న గిన్నె దించాడు. "ముసలాడికి ఇన్నాళ్ళకి సంబంధం కుదిరింది రోయ్," అని నా తొడ మీద చరిచాడు.

"మరి లోయ వైపెవరు అరుస్తారు?" అని అడిగాడు ఇసాము. నిజానికి అడగాల్సింది అదే.

"అది నేను చూసుకుంటాలే," అన్నాడు అన్నయ్య.

లోయలో వాగు మోత ఎక్కువగా ఉంది, ఎలుగు అటు పోదని అన్నయ్య లెక్క కాబోలని మేం సరిపెట్టుకున్నాం. అన్నయ్య ఒక్కొక్కరి వైపూ చూస్తూ, పద్ధతి ప్రకారం, ఇంకేమైనా చెప్పేదుందా అని అడిగాడు. వంటింటి గుమ్మంలో వదిన మిసో చారు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. నన్నే చూస్తోంది.

"ఏమీ లేదన్నయ్యా," అన్నాను.

వదిన చారు పోసి వెళ్ళిపోయింది. నా గిన్నెలో కూడా పోసింది.

మళ్ళీ వారం కొండెక్కాం. ఆ రోజుల్లో పొద్దున మంచు గట్టిగా ఉంటుంది, కాలు దిగదు. పదిన్నర దాటిందంటే మెత్తబడి మోసం చేస్తుంది. లోయలో వాగు మంచు కప్పు కింద నుంచే పారుతుంది. పైకి తెల్లగా చదునుగా కనిపిస్తుంది, లోపలంతా బోలు. అందుకని అటు వైపు అరిచేవాడు ఒడ్డు దిగకుండా, పొదల్లోనే ఉండి అరవాలి. నలభై నాలుగేళ్ళు అది నా చోటు. అక్కడ ఏ రాయి పక్కన ఎంత మంచు నిలుస్తుందో కూడా నాకు తెలుసు.

ఊళ్ళో అన్నయ్యను ఏమైనా అనొచ్చు. చివరి దేవదారు దాటి అడవిలో అడుగుపెట్టాక మాత్రం పెద్ద చెప్పిన మాటకు ఎదురు లేదు, ఎందుకని అడగకూడదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మాటులో ఉన్నవాడు ఎలుగు పడేదాకా నోరెత్తకూడదు. దగ్గొస్తే మంచు నోట్లో కుక్కుకోవాలి.

అన్నయ్య ఎదుటి కొండ చరియ మీద నిలబడ్డాడు. పెద్ద నిలబడే చోటు అది. ఎలుగు ఎటు కదిలితే అటు మనుషుల్ని అక్కణ్ణుంచే వాకీటాకీలో నడిపిస్తాడు. నేను గట్టెక్కి, పై మాటు దగ్గరి బునా చెట్టు వెనక మోకాళ్ళు ముడిచి కూర్చున్నాను. లోయంతా నా ముందు పరిచినట్టుంది. ఎదుటి తెల్లటి చరియ మీద అన్నయ్య నల్లటి చుక్కలా కనిపిస్తున్నాడు. ఎంత సంతోషపడ్డానంటే, అరవై ఆరేళ్ళవాణ్ణి, చెట్టు బెరడును చేత్తో నిమిరాను.

చెవిలో పెట్టుకున్న వాకీటాకీ తీగ గరగరమంది.

"ఇసాము."

"ఉన్నా."

"బుంత."

"ఆఁ, ఉన్నా."

"తొకుజి."

ఎవరూ పలకలేదు. పిల్లలెక్కువున్న ఇళ్ళల్లో ఒకరిని పిలవబోయి ఇంకొకరిని పిలవడం మామూలే. మా అమ్మకు ఇద్దరన్నల పేర్లూ, కుక్క పేరూ అయ్యాక గానీ నా పేరు దొరికేది కాదు. అలాంటిదే అనుకోబోయాను.

"తొకుజి, పై మాటుకి చేరావా లేదా?"

గొంతులో తడబాటు లేదు. ముప్ఫై ఏడేళ్ళ కిందట ఎలా అడిగేవాడో అలాగే అడిగాడు. అప్పుడు తెలిసింది. అన్నయ్య పై మాటు నాకివ్వలేదు. నా మొహంలోకి చూస్తూ ఇంకొకడికి ఇచ్చాడు. అప్పుడే లేచి, అన్నయ్యా, నేను సుయెజోని, వేట ఆపు, ఇంటికి పోదాం అనాలి. అంటే దిగిపోవాలి. మళ్ళీ ఎక్కేది లేదు. నేను బొత్తాం నొక్కాను.

"చేరానన్నయ్యా," అన్నాను.

"మంచిది. కింద లోయ దగ్గర సుయెజో ఉన్నాడు. ఇక మొదలెట్టండి."

ఎడమ వైపు నుంచి ఇసాము కేకలు మొదలయ్యాయి. చెవిటివాడు కదా, బ్రహ్మాండంగా అరుస్తాడు. అరగంట గడిచింది. దిగువన బునా చెట్ల మధ్య ఏదో కదిలింది. మగ ఎలుగు. నిద్ర లేచి ఎన్నో రోజులు కాలేదేమో, తీరిగ్గా ఎక్కుతోంది. పది అడుగులు వేస్తుంది, ఆగుతుంది, ముక్కు ఎత్తి గాలి చూస్తుంది, ఒక కొమ్మ వంచి చిగుళ్ళు తింటుంది. సూటిగా నా వైపే వస్తోంది.

"సుయెజో," అంది చెవిలో అన్నయ్య గొంతు. "అరవరా."

నేను ఎలుగు మీంచి చూపు తిప్పలేదు.

"సుయెజో, నీ కేక వినపడట్లేదు. ఏ పొద దగ్గరున్నావ్?"

ఎలుగు ఎనభై అడుగుల దూరంలో ఆగింది.

"ఒరే చిన్నోడా, పలకరా. ఒడ్డు దిగావా ఏంటి? దిగొద్దని ఎన్నిసార్లు చెప్పాను."

బొత్తాం నొక్కి ఒక్క మాట అంటే చాలు. ఎలుగు పక్కకు తిరిగి పోయేది, అంతే. ఏటా ఎన్ని పోవడం లేదు. మాటులో ఉన్నవాడు నోరెత్తకూడదన్న కట్టుబాటు ఒకటుంది కదా, దాన్ని పట్టుకున్నాను. ఇంకొంచెం, ఇంకో పది అడుగులు, కాల్చాక చెబుతాను అనుకున్నాను.

"అక్కడే ఉండు. కదలకు. నేనొస్తున్నా," అన్నాడు అన్నయ్య.

ఎదుటి చరియ మీద నల్లచుక్క కిందికి కదిలింది. పదిన్నర దాటింది. ఎండ నా వీపు మీద వెచ్చగా తగులుతోంది. అన్నయ్య దిగుతున్నాడు, ఎలుగు ఎక్కుతోంది. రెండూ నాకు కనిపిస్తూనే ఉన్నాయి. నేను తుపాకి ఎత్తి బుజానికి ఆనించుకున్నాను.

ఇరవై అడుగుల్లో కాల్చాను. ఒకటే తూటా. అది ముందుకు కూలి, మంచు మీద కొంచెం జారి ఆగిపోయింది. వేట ముగిసిందని మూడుసార్లు కేకెయ్యడం పద్ధతి. వేశాను. ఎదుటి చరియ మీద ఎవరూ లేరు.

మేం ముగ్గురం లోయకు దిగేసరికి ముప్పావు గంట పట్టింది. వాగు మీది మంచు కప్పు మనిషి పట్టేంత విరిగి ఉంది. అన్నయ్య లోపల రొమ్ముల్లోతు నీళ్ళలో, ఒక చేత్తో వేరు పట్టుకుని, మంచు కింది చీకట్లోకి నా పేరు పెట్టి పిలుస్తున్నాడు. గొంతు దాదాపు పోయింది. నేను బోర్లా పడుకుని చెయ్యి అందించాను. ఆ చేతిని తోసేశాడు.

"నన్ను కాదు తొకుజి, వాణ్ణి చూడు. వాడు దీని కిందే ఉన్నాడు," అన్నాడు.

ముగ్గురం బలవంతాన బయటికి లాగాం. వీపుల మీద మార్చి మార్చి మోశాం. దారి పొడుగునా అన్నయ్య నా బుజం మీద గుద్దుతూ, వెనక్కి తిప్పమని తిట్టాడు.

ఎలుగు అక్కడే ఉండిపోయింది. కొండ దేవతకు చెప్పి దాని ప్రాణాన్ని సాగనంపే మాటలు అనకుండా కోయకూడదు, అవి పెద్దకు తప్ప మాకెవరికీ రావు. మూడో రోజున బుంత, ఇసాము వెళ్ళి, కాకులు పొడిచినదాన్ని మంచు తవ్వి కప్పెట్టి వచ్చారు. దాని తల ఎటు పెట్టాలన్న దాని మీద కూడా వాళ్ళకు మాట కుదరలేదట. ఒక్క ముక్క మాంసం ఎవరింటికీ చేరలేదు. నా జీవితంలో నేను కొట్టిన ఎలుగు అదొక్కటే.

తర్వాత ఒకరోజు బంకు దగ్గర నా బండిలో పెట్రోలు పోస్తూ బుంత అన్నాడు.

"నేనూ విన్నా, సెట్టులో. తొకుజి అనడం, నిన్ను పిలవడం. అన్నీ విన్నా. నేనూ మాటులో ఉన్నా కదా, నోరెత్తకూడదని ఊరుకున్నా. నువ్వు చెబుతావనుకున్నా."

"ఊఁ," అన్నాను.

"వదిన అడిగితే దాచలేకపోయా. చెప్పేశా."

అన్నయ్య పదహారు రోజులకు పట్నం ఆసుపత్రి నుంచి వచ్చాడు. మూడు కాలివేళ్ళు తీసేశారు. బండి దిగి తిన్నగా ఇంట్లో పోయినవాళ్ళ ఫోటోలుంచే పీఠం ముందుకెళ్ళి, సుయెజో ఫోటో ఏదని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. నేనే కదా అన్నయ్యా, ఇదిగో ఉన్నాను అన్నాను. నా వైపు చూశాడు. కోపం లేదు, జాలి ఉంది.

"పోయినవాడి మీద వేళాకోళమేంట్రా తొకుజి. వాడికి నువ్వంటే ప్రాణం," అన్నాడు.

ఊరుకోకుండా ప్రయత్నించాను. చిన్నప్పుడు నన్ను వీపున వేసుకుని బడికి తీసుకెళ్ళిన రోజు చెప్పాను. నా ఆరోగ్య కార్డు మీది పేరు చూపించాను. నాలుగోసారి చెంప మీద కొట్టాడు. ఆ తర్వాత తిండి దాదాపు మానేశాడు. శవం దొరకలేదు, కర్మ జరగలేదు, తమ్ముణ్ణి మంచు కింద వదిలేసి నేను ముద్ద మింగనా అంటాడు. వారానికి మెడ ఎముకలు తేలాయి.

ఒక ఉదయం వదిన సింకు దగ్గర బియ్యం కడుగుతూ, నన్ను పిలవకుండానే నాతో అంది.

"నలభై తొమ్మిదో రోజు కర్మ చేయిద్దాం. గుడి గురువుగారితో మాట్లాడాను. ఇంట్లో పోయిన పెద్దలందరి పేరా సూత్రాలు చదువుతానన్నారు. ఈయన తమ్ముడికనే అనుకుంటారు. తింటారు."

"నేనేం చెయ్యను వదినా?"

"తొకుజివిగా ఉండు."

"వదినా, నేను..."

"కొండ మీద ఉన్నావు కదా. ఇంట్లోనూ ఉండు."

గొంతు పెంచలేదు. చెప్తానన్నావు కదా అని ఒక్కసారైనా నా మీద అరిచి ఉంటే బావుండేది. ఇప్పటికీ అరవలేదు.

జూన్ నెల వచ్చింది. కొండ మీద మంచు పోయి, అడవి పచ్చబడి, ఊళ్ళో ఆడవాళ్ళు వెదురు మొలకలు ఏరుకొస్తున్నారు. పాత వేట ఫోటో ఒకదాన్లోంచి నా మొహం కత్తిరించి, నల్ల పట్టీ కట్టి పీఠం మీద పెట్టారు. దాని ముందు అన్నం పెట్టారు, రోజూ నేను తినే గిన్నెలోనే. బుంత, ఇసాము నల్ల బట్టలు వేసుకుని వచ్చి, నా ఫోటోకు దణ్ణం పెట్టి, నా వైపు చూడలేక గోడ చూస్తూ కూర్చున్నారు. నేను అన్నయ్య పక్కన, రెండో వాడి స్థానంలో కూర్చున్నాను. నా వంతు వచ్చినప్పుడు లేచి నాకు నేనే అగరుబత్తి వెలిగించాను.

గురువుగారు వెళ్ళాక వదిన అన్నం వడ్డించింది. అన్నయ్య తిన్నాడు. నెల రోజుల్లో మొదటిసారి నిండుగా గిన్నెడు తిని, ఇంకాస్త పెట్టించుకుని, అదీ తిన్నాడు. వదిన వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అన్నయ్య చేతులు తుడుచుకుని నా వైపు జరిగాడు.

"తొకుజి, ఒకటడుగుతా. నువ్వు పైనున్నావు కదా. అక్కణ్ణుంచి లోయంతా కనపడుద్ది. నేను దిగుతున్నప్పుడు వాడెక్కడైనా కనిపించాడా నీకు?"

"లేదన్నయ్యా."

"ఒక్కసారి కూడానా?"

"ఎలుగొస్తోంది. దాన్నే చూస్తున్నా."

అన్నయ్య మెల్లగా తలాడించాడు. నా వీపు మీద చెయ్యి వేశాడు.

"మరంతే. మాటులో ఉన్నవాడు అలాగే ఉండాలి. వాడయితే నా గొంతు వినపడగానే ఎలుగునొదిలేసి పరిగెత్తుకొచ్చేవాడు. అందుకే వాడికెప్పుడూ ఇవ్వలేదు, పై మాటు."